నీళ్ళకు వీపు పెట్టి కూర్చునే మనిషి

అమెరికా ఎడారిలో ఉన్న మా చాండ్లర్‌లో ఏ ఇంటి వెనక చూసినా స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. అక్క ఇంటి వెనక పూల్‌లో గోంగూర ఉండేది. ఇల్లు కొన్న ఏడాదే మట్టి తోలించి, ఆ గొయ్యి పూడ్పించి, మడులు కట్టించింది. లోతు ఎక్కువుండే వైపు కరివేపాకు చెట్టు, మెట్లు దిగే వైపు గోంగూర, మధ్యలో పందిరేసి బీరపాదు. ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటు ఒకసారి వచ్చి చూసి, పూల్ ఉంటేనే కదా ఇంటికి ధర పలికేది అని లబలబలాడాడట. "ధర పెరిగితే నేనేం జేసుకోను? గోంగూర పెరిగితే తింట" అన్నానని అక్క మాకు చెప్పింది. ఆ మాట వాడికి ఇంగ్లీషులో ఎలా చెప్పిందో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

మొన్న మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో కొత్తగా వచ్చిన అమ్మాయెవరో "హాయ్ ఆల్, ఇక్కడ ఫ్రెష్ గోంగూర ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకి మా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది, అక్క ఇంటికెళ్ళి కోసుకోమని. ఈ చలికాలంలో అక్క మాకు లేకుండా పోయింది. చివరికి ఎవరో ఒక ఇండియన్ స్టోర్ పేరు పెట్టారు. నేను ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసుకుని కాసేపు ఏడ్చాను.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడకి అస్సలు నచ్చేది కాదు. మా ఆయనా, వాళ్ళాయనా ఒకే చిప్ ఫ్యాక్టరీలో ఇంజనీర్లు. మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు నేను "మేడమ్" అన్నాను. "మేడమ్ ఏందే? నేనేమన్న నీకు లెక్కలు చెప్పిన్నా? అక్క అను" అంది. అన్నాను. దాంతో వాళ్ళాయన నాకు బావగారైపోయారు, అక్క మా ఆయనకి వదినైపోయింది. అమెరికాలో చుట్టరికాలు అంత సులువుగా కలుస్తాయి, నిలిచేవి తక్కువ. ఇది నిలిచింది.

అక్కది జగిత్యాల వైపు. బావగారిది భీమిలి, ఇంటి గుమ్మంలోంచి సముద్రం కనిపించే ఇల్లు. పెళ్ళైన కొత్తలో అత్తగారింటికి వెళ్ళిన అక్క, బీచ్‌కి తీసుకెళ్తే ఇసకలో సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుందట. ఆ అలవాటు ఇక పోలేదు. ఇక్కడ చెరువు ఒడ్డున పిక్నిక్ పెట్టుకున్నా కుర్చీ తిప్పుకుని పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చునేది. ఏం చూస్తున్నావక్కా అంటే, "కార్లు. కార్లు మంచిగుంటయి, మునగవు" అనేది. ఎందుకంత భయమని నేనొకసారి గుచ్చి గుచ్చి అడిగాను. చిన్నప్పుడు ఏదో జరిగి ఉంటుందని నా అనుమానం. ఏమీ జరగలేదట. "నాకెందుకు బుగులో అడుగుతున్నవు. అంత నీళ్ళు చూసి నీకెందుకు బుగులు కాదో అది చెప్పు ముందు" అంది.

బావగారేమో ఈ ఎడారిలో కూడా నీళ్ళు వెతుక్కున్న మనిషి. శనివారం వస్తే చాలు, కారు వెనక చిన్న తెరచాప పడవ కట్టుకుని కొండల మధ్యనున్న రిజర్వాయర్‌కి పోయేవారు. మిగతా వారమంతా ఆయన ఉన్నారో లేరో తెలిసేది కాదు. భోజనాల దగ్గర అందరం వీసాలనీ, లేఆఫ్‌లనీ, స్కూల్ డిస్ట్రిక్ట్‌లనీ గోల గోలగా మాట్లాడుతుంటే ఆయన పెరుగన్నం కలుపుకుంటూ ఉండేవారు. ఏదైనా అడిగితే "అంతేనమ్మా" అనేవారు, అంతే.

అలాంటాయన రిటైర్మెంట్ దగ్గరపడ్డాక నోరు తెరిచి ఒక కోరిక కోరారు. మధ్యధరా సముద్రంలో, టర్కీ తీరంలో, ఒక పాత పడవ కొనుక్కుని ఏటా వసంతకాలం నుంచి ఎండాకాలం చివరిదాకా దాంట్లోనే ఉండాలి, ఇద్దరూ. అక్క వంటింట్లో చపాతీలు చేస్తూ ఈ సంగతి నాకు చెప్పింది. "ముప్పై ఏండ్ల నుంచి నన్ను ఏమీ అడగలేదే ఆ మనిషి. ఒక చీర కట్టుకో అని గూడ అనలేదు. ఇప్పుడు అడిగిండు, గదే అడిగిండు సూడు!" అని కర్ర పీట మీద ఠపీమని కొట్టింది.

ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వసంతంలో ఒకసారి పడవ అద్దెకు తీసుకుని ఆ తీరం వెంబడి నింపాదిగా తిరిగి రావాలి. దిగాక అక్క ఔనో కాదో చెప్తుంది. కాదంటే బావగారు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఆయన సరేనన్నారు. అక్క అక్కడితో ఆగకుండా మా మీద పడింది. "మీరిద్దరు గూడ రావాలె. నేను నీళ్ళల్ల పడితే ఆయన నావ నడుపుతడా, నన్ను తీస్తడా? నువ్వు దుంకు."

"నాకూ ఈత రాదక్కా."

"మీ ఆయనకు?"

"కొంచెం వచ్చు."

"కొంచెం చాలు తియ్. నేను గూడ కొంచెమే మునుగుత."

మాకు అప్పుడే గ్రీన్ కార్డ్ చేతికొచ్చింది. ఏళ్ళ తరబడి దేశం దాటాలంటే లాయర్‌కి ఫోన్ చేసిన జనం మేము. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను, నేను అక్క పక్షం. ఆవిడ కాదనాలని మనసారా కోరుకున్నాను. సగం ఏడాది అక్క లేకుండా చాండ్లర్‌లో నేనేం చేసుకోవాలి?

రేవులో మా పడవ తెల్లగా, పొడుగ్గా ఉంది. లోపల రెండు పడకగదులు, ఒక బుల్లి వంటిల్లు. యాట్ అంటారు, అక్క మాత్రం చివరిదాకా నావ అనే అంది. పడవ అప్పజెప్పడానికి వచ్చిన కుర్రాడు కాగితాలు చూపిస్తుంటే అక్క బ్యాగ్‌లోంచి పసుపు, కుంకుమ, అగరుబత్తులు తీసింది. కొత్త బండికి పూజ చెయ్యకుండా ఎక్కేదే లేదంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, చక్రాలేవీ? కాసేపు పడవ చుట్టూ చూసి, స్టీరింగ్ చక్రం కనపడగానే "అగో, ఒకటున్నది" అని దానికి బొట్టు పెట్టి, దాని కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ ఊరంతా వెతికినా దొరకలేదు, రేవు గట్టు మీద కర్బూజా పండు పగలగొట్టింది. ఆ కుర్రాడు బిత్తరపోయి బావగారి వైపు చూశాడు. బావగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. వాడూ చేసేది లేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అక్క వాడికీ ఒక బొట్టు పెట్టి కర్బూజా ముక్క ప్రసాదంగా ఇచ్చింది.

తర్వాత రోజుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పలేను. అన్నీ ఒకే పొడుగాటి పొద్దులా గుర్తున్నాయి. పైన్ చెట్ల కొండలు తిన్నగా నీళ్ళలోకే దిగి వచ్చేవి. మధ్యమధ్యలో ఆకుల్లేకుండా ఒళ్ళంతా గులాబీ రంగు పూలతో ఏవో చెట్లు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, ఇంజన్ చప్పుడు ఆగిపోయి పడవ పక్కన నీళ్ళు జారే సవ్వడి ఒకటే మిగిలేది. గాలి లేకపోతే ఉన్నచోటే ఉండేవాళ్ళం. ఎక్కడికి వెళ్తున్నామని మా ఆయన అడిగితే బావగారు చేత్తో అటు అని చూపించేవారు. అటు ఇంకో కొండ, దాని వెనక లేత నీలంగా ఇంకోటి, దాని వెనక ఉందో లేదో తెలియనంత పలచగా మరొకటి. మూడు రోజుల్లో ఐదు ఊళ్ళు చుట్టేసి, ఫోటోలు దిగి, ఎయిర్‌పోర్ట్‌లో పడి నిద్రపోయే బాపతు టూరిస్టులం మేమిద్దరం. ఏమీ చూడకుండా చూస్తూ కూర్చోవడం ఎంత బాగుంటుందో నాకప్పుడు తెలిసింది. ఒక మధ్యాహ్నం పడవ ముందు భాగంలో పడుకుని, లేచేసరికి నేనెవరినో, ఏ ఊరో కాసేపు గుర్తు రాలేదు. అంత హాయిగా నా జన్మలో నిద్రపోలేదు.

ఇంత కలలోనూ అక్క ఒక్కతే మెలకువగా ఉంది. నైటీ మీద ఆరెంజ్ రంగు లైఫ్ జాకెట్ తొడిగిందంటే తీసేది కాదు, పడుకున్నప్పుడూ అదే. మొదటిరోజు అలవాటు చొప్పున నీళ్ళకి వీపు పెట్టి కూర్చోబోయింది. ఎదురుగానూ నీళ్ళే. లేచి ఇటు తిరిగింది, ఇటూ అవే. "ఎటు తిరిగినా ఇదే ఉన్నది గదే!" అంది ఏడుపు గొంతుతో. నేను పగలబడి నవ్వాను. పడవ కాస్త ఒరిగితే చాలు, నా మోచెయ్యి ఒడిసి పట్టుకుని సముద్రాన్ని తిట్టేది. "ఆగు, ఆగు, ఏం తొందరొచ్చింది నీకు? సక్కగ ఉండరాదు?" అని, అల్లరి పిల్లని గదమాయించినట్టు. పొద్దున్నే వాంతులయ్యేవి. బావగారికి వినపడకుండా కుళాయి తిప్పుకునేది. "అక్కా, చాలు, తిరిగి వెళ్ళిపోదామని చెప్పు" అని నేను చెవిలో పోరుతుంటే, "చూసినంక చెప్త అన్న గద. సగం చూసి చెప్తే అది చూసినట్టయితదా?" అనేది.

ఒక రోజు కొండల మధ్య, నీళ్ళు చెరువులా నిలకడగా ఉన్న చోట లంగరేశారు. ఇళ్ళు లేవు, మనుషులెవరూ కనపడటం లేదు, గట్టు మీద మేకల గంటలు వినపడుతున్నాయి. అన్నం తిని చాలా రోజులైందని అక్క తన సూట్‌కేస్‌లోంచి టవల్‌లో చుట్టి తెచ్చుకున్న రైస్ కుక్కర్ తీసింది. చాండ్లర్ ఇంటి వంటగట్టు మీద ఉండేది అదే. ప్లగ్ పట్టడానికి ఎయిర్‌పోర్ట్‌లో అడాప్టర్ కొన్నారు. మరి అమెరికా కుక్కర్ తట్టుకోగలిగేది ఆ పడవలోని కరెంటులో సగమేనని ఇద్దరు మగాళ్ళలో ఒక్కరికైనా తట్టాలి కదా! పగలంతా కరెంటుతోనే బతికే ఇంజనీర్లు. బావగారు ప్లగ్ పెట్టారు, మా ఆయన మీట నొక్కాడు. ఠప్పుమంది. కుక్కర్ అడుగునుంచి పొగ. లైట్లు, ఫ్రిజ్, లంగరు పైకి లాగే మోటారు, అన్నీ చచ్చి ఊరుకున్నాయి.

అక్క ఆ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఇద్దరు ఇంజనీర్లు గలిసి ఒక కుక్కర్ను సంపిన్రు" అంది.

ఫోన్‌లో మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో బావగారు పడవ కంపెనీకి చెప్పారు. మెకానిక్ రేపు వస్తాడన్నారు. ఆ రేపు రాలేదు. ఫోన్లు కూడా చచ్చిపోయాయి. రెండు రోజులు ఆ నీళ్ళ మీద అలా ఉండిపోయాం. అక్క గ్యాస్ పొయ్యి మీద గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వండింది. ఆవకాయ, అన్నం, గట్టు మీద మేకల కాపరి ఇచ్చిన పెరుగు. చేసే పనీ లేదు, పోయే చోటూ లేదు.

ఆ రెండు రోజుల్లో బావగారు మాట్లాడటం మొదలుపెట్టారు. నిజంగా! ఈల వేశారు. చిన్నప్పుడు పడవ దొంగిలించి దీవి దాకా వెళ్ళిన కథ చెప్పారు, వాళ్ళ నాన్న ఎలా తన్నాడో లేచి నిలబడి అభినయించి మరీ చూపించారు. మా ఆయన్ని నీళ్ళలోకి తోసి, తానూ దూకి, "రా తమ్ముడూ, చేతులు కాదు, కాళ్ళు ఆడించు" అని అరుస్తూ పడవ చుట్టూ ఈదారు. పెరుగన్నం కలుపుకునే ఆ మనిషిలో ఇంత అల్లరి ఎక్కడ దాక్కుందో! నేను నోరు వెళ్ళబెట్టుకుని చూస్తున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం పడవ వెనక మెట్టు మీద గిన్నెలు కడుగుతూ తలెత్తి చూస్తే, అక్క నీళ్ళ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఏంటక్కా, భయం పోయిందా?"

"ఏడ పోయింది? సూడు" అని చెయ్యి నా చేతిలో పెట్టింది. చల్లగా, వణుకుతూ ఉంది. "నేను నీళ్ళను చూస్తలేను. ఆయనను చూస్తున్న."

దూరంగా బావగారు వెల్లకిలా తేలుతూ ఏదో పాడుకుంటున్నారు.

"నేను పెండ్లి చేసుకున్నది గీయననే. గిట్లనే ఉండేటోడు. అమెరికాకొచ్చినంక ఏడనో తప్పిపోయిండు. ఆఫీసుల పోయిండో, కారుల పోయిండో, నాకు తెల్వనే లేదు. నేను గోంగూరకు నీళ్ళు పోసుకుంట ఉన్న. ఇగో, ఈడ దొరికిండు. దొరికినోన్ని ఈడనే ఇడిసిపెట్టి, ఇంకొకాయనను ఇంటికి తోల్కపోవాల్నా?"

నాకు ఒళ్ళు మండింది. ఔను, కోపమే వచ్చింది. "మరి నీ సంగతేంటి? రోజూ వాంతులు, రోజూ వణుకు. ఆయన సంతోషం కోసం నువ్వు ఏడాదిలో సగం చస్తూ బతుకుతావా? ఇదేం న్యాయమక్కా?"

ఆవిడ నా వైపు చూసి నవ్వింది. జాలిగా చూసిందని నాకు గట్టి అనుమానం. "ఆయన కోసమంటవేందే? నాకు గావాలె ఆయన. నా కోసమే."

మా పెళ్ళైన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ మా ఆయన్ని అలా కూర్చుని చూడలేదు. నీళ్ళలో మా ఆయన చేతులు టపటపా కొడుతూ మునుగుతూ తేలుతున్నాడు. కాసేపు చూశాను. బాగున్నాడే అనిపించింది.

మర్నాడు మెకానిక్ వచ్చి కరెంటు బాగుచేశాడు. తిరుగుదారి పట్టాం. రేవు చేరాక అందరం సామాన్లు దించేస్తున్నాం, బావగారు మాత్రం కడిగిన చోటే కడుగుతూ, కట్టిన తాడే మళ్ళీ విప్పి కడుతూ పడవలోనే తచ్చాడుతున్నారు. అక్కని అడగలేదు. అక్క వైపు చూడను కూడా లేదు. ఈల ఎప్పుడో ఆగిపోయింది.

అక్క గట్టు మీదికి దిగింది. గట్టి నేల తగలగానే చెప్పులు విడిచి రెండు పాదాలూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత జాకెట్ బకిల్స్ ఒక్కోటీ విప్పి, దాన్ని ఆయనకి అందించింది.

"ఇది వాళ్ళది వాళ్ళకిచ్చెయ్" అంది. "చంకల కాడ ఒరుసుకపోతున్నది. నాకు సరిపోయేది కొత్తది కొను."

బావగారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంత పొడుగు మనిషి, ఆ ఆరెంజ్ జాకెట్‌ని రెండు చేతులా పట్టుకుని తడి పలకల మీద చతికిలబడిపోయారు.

తర్వాత ఏటా వసంతం రాగానే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. గోంగూరకి నేను నీళ్ళు పోసేదాన్ని. అక్క వాయిస్ మెసేజ్‌లు వచ్చేవి. మొదలు ఎప్పుడూ తిట్లే. "ఈ మనిషి నన్ను సంపుతడే. నిన్న గాలి ఎట్ల కొట్టిందనుకున్నవ్, నా పానం పోయింది." వెనక నీళ్ళ చప్పుడు, ఆయన ఈల. మధ్యలో ఉన్నట్టుండి గొంతు మారేది, "కొండల మీద ఆ గులాబీ పూలు మల్ల పూసినయి, నువ్వుంటే బాగుండు" అనేది. భయం తగ్గిందా అక్కా అని ప్రతి ఏడూ అడిగేదాన్ని. ఎందుకు తగ్గుతుందని ప్రతి ఏడూ నన్నే తిట్టేది. ఈత కూడా చివరిదాకా నేర్చుకోలేదు.

చివరికి ఆవిడ పోయింది నీళ్ళలో కాదు. చాండ్లర్‌లో, తన మంచం మీద, నిద్రలో, గుండె ఆగి.

ఈ వసంతంలో బావగారు ఒక్కరే బయల్దేరారు. ఎవరు వద్దన్నా వినలేదు. ఆకులు రాలే కాలం దాకా రారనుకున్నాను. వారం తిరక్కుండా వాళ్ళింట్లో లైటు కనపడింది. పప్పు, అన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన వంటింట్లో నిలబడి ఉన్నారు, బూట్లు కూడా విప్పలేదు.

"అప్పుడే వచ్చేశారేంటి బావగారూ?"

"పడవ తాడు విప్పలేకపోయానమ్మా."

అక్క గుర్తొచ్చి ఉంటుంది, అక్కడ అన్నిట్లోనూ తనే ఉంటుంది కదా, కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుంది అని ఏదో చెప్పబోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది కాదమ్మా. భయమేసింది. ఊరికే, నీళ్ళు చూసి." తన చేతుల్ని తనే వింతగా చూసుకున్నారు. "పుట్టినప్పట్నుంచీ సముద్రం మీదే ఉన్నాను, నాకు భయమంటే తెలీదనుకున్నాను. తెలీకపోవడం కాదు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని నా వంతు కూడా తనే భయపడింది."